దుమ్ము కడిగిన చేతులు

ఘుగ్గుస్ గనుల కాలనీలో మా బంతిచెట్ల మీద రోజూ బొగ్గు దుమ్ము పడుతుంది. పొద్దున్నే ఆకులు కడగకపోతే వాడిపోతాయి. నిరుడు దసరా ముందు నేను పది రోజులు పుట్టింటికి వెళ్లొచ్చినా, చెట్లు పచ్చగానే ఉన్నాయి. వాన పడిందేమో అనుకున్నాను.

పండుగ ముందురోజు పక్కింటి డంపర్ డ్రైవర్ రాజన్న బండి పూజకు పూలడిగాడు.

"మాకే సాలవు, అన్నా" అన్నాను. చెట్ల నిండా పూలున్నాయి. ఆయన వెళ్లిపోయాడు.

తెల్లారి గుండెపోటుతో చనిపోయాడు.

పూలన్నీ కోసి తీసుకెళ్లాను. ఆయన భార్య నన్ను పట్టుకుని ఏడ్చింది. "నువ్వు లేని పది రోజులు డ్యూటీ నుంచి రాంగనే నీ చెట్లను ఈయనే కడిగిండు, వదినే!"

ఆ పూలు ఆయన మీద వేయడానికి నాకు చేతులు రాలేదు.

ఆ డంపర్‌ను ఇప్పుడు వేరొకరు నడుపుతున్నారు. ఈ దసరాకు ఆ కొత్త డ్రైవర్ అడగకముందే బండికి దండ గుచ్చి పంపాను.