బారమా, బయమా

మా కంపౌండరు తాత మొన్న బుధవారం పొద్దున్న పోయాడు. బర్మాలో మేముండే లత అనే పేటలో, మా మేడ కింది క్లినిక్కులో నలభై ఏళ్ళు మందులిచ్చిన మనిషి. కబురు తెచ్చిన పొరుగావిడని నేను మొదట అడిగింది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, "మరి శుక్రవారం నాతో ఆస్పత్రికి ఎవరొస్తారు?" అని. నా రొమ్ములో గడ్డ తాలూకు రిపోర్టు ఆ రోజే ఇస్తారు. తోడొస్తానని మాటిచ్చింది ఆయనొక్కడే.

ఆయనకి ఒకే ఒక్క పుస్తకం ఉండేది, పక్కనున్న చౌక్తడా పేటలో పేవుమెంటు మీద కొన్నది. నూట యాభై ఏళ్ళ కిందటి స్కాట్లండు డాక్టరొకాయన రోగుల గురించి, కుక్కల గురించి, తాను నడిచిన దారుల గురించి తీరిగ్గా రాసుకున్న వ్యాసాలు. తాత ఆ ఇంగ్లీషు కూడబలుక్కుని, మార్జిన్లలో తెలుగు అర్థం రాసేవాడు. మాట తెలుగే, అక్షరాలు బర్మావి. ఇక్కడి మా తెలుగువాళ్ళలో చాలామందికి బడిలో వచ్చిన రాత అదే. దీర్ఘాలు పెట్టడానికి ఆయనకి బద్ధకం కూడాను.

చిన్నప్పుడు ఒకరోజు నాతో చదివించాడు. "రోగి బయం వైద్యుడిదే" అని చదివాను. పకపకా నవ్వాడు.

"బయం కాదే, బారం. 'ర' రాసినాను గదేటి."

"బర్మావాళ్ళు దాన్ని 'య' అనే అంటారు గదా తాతా."

ఆ అక్షరం మీద వేలు పెట్టి, "బారమైతే ఎవులైనా మోస్తారు," అని మాత్రం అన్నాడు.

రోగి లోపలికెళ్తే, గుమ్మంలో విడిచిన చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. "నీ చెప్పులు నా కాడున్నాయి. ఎల్లి రా," అనేవాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నా మానలేదు. నా గడ్డ పరీక్షకీ అలాగే కూర్చున్నాడు.

నేను ధైర్యస్థురాలిని కాను. ఈ రెండు రోజులూ అన్నం సయించలేదు. స్నానం చేస్తూ ఆ వైపుకి చెయ్యి పోనివ్వలేదు. ఫోను మోగినా ఎత్తలేదు.

నిన్న ఆయన కోడలు ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. ఈ పొద్దున ఆస్పత్రి బెంచీ మీద ఆ పేజీ వెతికి తీశాను. పెన్సిలుతో 'ర' కొట్టేసి, పైన 'య' దిద్ది ఉంది. ఎప్పుడు దిద్దాడో, నాకు చెప్పనే లేదు.

నా పేరు పిలిచారు. పుస్తకం పట్టుకుని లేచాను. గుమ్మంలో చెప్పులు విడిచి, అలవాటు కొద్దీ బెంచీ వైపు తిరిగి చూశాను.