ఏడు మ్యాచ్‌ల టికెట్టు, పది గజాల మాట

సీజన్ టికెట్టు అనే మాటను మా మధ్యకి తెచ్చింది నేనే. నేరం ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. అంటే డబ్బు గురించి, అది లేని పిల్లలకి, అది లేని మనిషి చెప్పడం. వేసవిలో సాయంత్రాలు క్రికెట్ చూసేది మా వీధి చివర, మోటార్లకి వైండింగ్ చేసే భాయ్ షెడ్డులో. ముగ్గురం ఉంటాం: నేను, భాయ్, మా బావ. బావ మా ఆవిడకి అన్న. ఈపూరు అవతల వ్యవసాయం. కాలువ నీళ్ళు అందరికీ అందాక ఏమైనా మిగిలితే తడిసే పొలం ఆయనది. మామూలు రోజుల్లో ఆయన మోటారు బాగానే తిరుగుతుంది గానీ, మ్యాచ్‌ల నెలల్లో ఎందుకో తరచుగా పాడై పేటకి రావలసి వస్తుంది.

మేం హైదరాబాదు జట్టు మనుషులం. రాష్ట్రం రెండైనప్పుడు నీళ్ళు, ఉద్యోగాలు, భవనాలు పంచడానికి కమిటీలు వేశారు. క్రికెట్ జట్టు ఎవరికీ గుర్తు రాలేదు. అందుకని అదొక్కటి ఇంకా ఉమ్మడిగానే ఉంది.

బావకి క్రికెట్‌లో ఒకే ఒక్క సిద్ధాంతం. లాంగాన్‌లో, అంటే బౌలర్ వెనక దూరంగా బౌండరీ దగ్గర, నిలబడ్డ ఫీల్డరు పది గజాలు కుడికి జరగాలి. బౌలర్ ఎవరైనా, బ్యాటర్ ఎడమచేతివాడైనా కుడిచేతివాడైనా ఇదే మాట. ఎవరి కుడి అనేది ఇంతవరకూ తేలలేదు. పొలం గట్టు దగ్గర అంగుళం కదలనివ్వని మనిషి, లాంగాన్‌ని మాత్రం ఏళ్ళ తరబడి పది గజాలు జరపమంటున్నాడు. టీవీ లోంచి ఎవరూ పలకలేదు.

ఆ ఏడాది లీగు ముగింపుకొస్తుండగా నా ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. వచ్చే ఏడాది హైదరాబాదులో జరిగే ఏడు మ్యాచ్‌లకీ ఒకే సీటు, ముందే కొనుక్కోవచ్చు. వరుసగా మూడు సీట్లకి ఎంతవుతుందో షెడ్డులో చదివి వినిపించాను.

"దీంతో మోటారేమన్నా ఫ్రీగా ఇస్తారా సార్?" అన్నాడు భాయ్.

బావ మాత్రం నిటారుగా కూర్చున్నాడు. "సీటు ఎంత దగ్గరుంటది?"

"బౌండరీ పక్కనే."

"మనం అరిస్తే ఇనపడిద్దా?"

"ఒక్క మ్యాచ్ చూస్తే చాలదా అన్నా? ఏడెందుకు?" అన్నాడు భాయ్.

బావ జాలిగా చూశాడు. "పిచ్చోడా, ఒకసారి అర్జీ పెడితే ఎవడింటాడు? కాలవ నీళ్ళ కోసం ఆఫీసుకి పోయా. ఆరు సోమవారాలు తలెత్తి కూడా చూడలా. ఏడో సోమవారం 'ఏందయ్యా నీ బాధ' అన్నాడు. ఏడు మ్యాచ్‌లంటే సరిగ్గా సరిపోయిద్ది."

ఇంట్లో మా ఆవిడ ముందు నన్ను, తర్వాత ధరను చూసింది. "మా అన్నయ్య వస్తేనే మీరు వెళ్ళేది. ఒక్కరే వెళ్తే బస్సు దిగడం కూడా మర్చిపోతారు," అంది. భాయ్ కూడా అన్న లేకపోతే రానన్నాడు. అలా మొత్తం వ్యవహారం బావ చేతిలో పడింది. బావ సరే అంటే మూడు సీట్లు, కాదంటే మళ్ళీ షెడ్డే.

"కొనేముందు ఒకసారి నడిపి చూడాల సార్," అన్నాడు భాయ్, మోటారు సంగతి చెప్పినట్టే. ఆ ఏడాది హైదరాబాదులో ఇంకొక్క మ్యాచ్ మిగిలి ఉంది. మధ్యాహ్నం ఆట. విడిగా మూడు టికెట్లు తీసుకుని పొద్దున్నే బస్సెక్కాం.

మా సీట్లు లాంగాన్‌కి సరిగ్గా వెనక పడ్డాయి. నేను ఏర్పాటు చేసింది కాదు. కానీ బావ నన్ను చూసిన చూపులో పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి కాస్త గౌరవం కనిపించింది.

టీవీ చెప్పనిది ఒకటుంది. అక్కడ డప్పులు, విజిళ్ళు, పాటలు కలిసి, పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. ఎండ సంగతి మా జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు ఫీల్డింగ్ మావాళ్ళదే. మొదటి బంతి నుంచే బావ లేచి నిలబడ్డాడు. "ఒరేయ్ అబ్బాయ్! కుడికి! పది గజాలు!" ముందు వరసలో ఒకావిడ రెండుసార్లు వెనక్కి చూసి, మూడోసారి తను పది అంగుళాలు ఎడమకి జరిగింది. ఫీల్డర్ కదల్లేదు. ఎనిమిదో ఓవర్‌కి బావ గొంతు బొంగురుపోయింది. పన్నెండో ఓవర్‌కి గాలి తప్ప ఏమీ రావడం లేదు. అయినా ఆగలేదు.

పద్నాలుగో ఓవర్లో ఆయన చెప్పు జారి సీటు కింద పడింది. వెతకడానికి వంగాడు. సరిగ్గా అప్పుడే బౌండరీ తాడు అవతల ఎవరో నీళ్ళ సీసా చూపించారు. లాంగాన్ కుర్రాడు మా కుడివైపు నడిచి, తాగి, సీసా తిరిగిచ్చి, వెనక్కి రావడానికి బద్ధకించి అక్కడే నిలబడిపోయాడు. నేను చూశాను. భాయ్ చూశాడు. బావ చెప్పు వేసుకుని లేచేసరికి బంతి గాల్లో ఉంది. కుర్రాడు ఒక్క అడుగు కూడా వెయ్యకుండా క్యాచ్ పట్టేశాడు.

బావ అరవలేదు. అరవడానికేమీ మిగల్లేదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంత ఎండ వల్లే కావచ్చు.

ఆట అయ్యాక బయట చెరకు రసం బండి దగ్గర ఆగాం. భాయ్ ముఖం వెలిగిపోతోంది. "చానా బాగుంది సార్. వచ్చే యేడాదికి తీసేద్దాం. తర్వాత చూసుకుందాం." నాకూ అదే మనసులో ఉంది. నలభై దాటాక అంతసేపు విజిలేసే అవకాశం ఎక్కడా దొరకదు, కాలేజీలో అసలే దొరకదు. ఫోను తీసి ఆ పేజీ తెరిచాను.

"ఎందుకూ?" అన్నాడు బావ, గుసగుసగా.

"అదేంటి బావా, ఏడు మ్యాచ్‌లూ చూడాలన్నావుగా?"

"చూట్టానికి గాదు మాష్టారూ, ఇనిపించటానికి. ఇన్నాడుగా! పనైనాక ఎవడన్నా ఆఫీసు చుట్టూ తిరుగుతాడా?"

భాయ్ నా వంక చూశాడు. నేను భాయ్ వంక చూశాను. నీళ్ళ సీసా అని ఒక్క మాటంటే చాలు. బావ అప్పటికప్పుడు ఏడు మ్యాచ్‌లకీ బయల్దేరతాడు, అవసరమైతే పద్నాలుగింటికి. పేరు, నంబరు నింపడం అయిపోయింది. ఒక్క బటన్ మిగిలింది.

ఈలోగా బావ రసం బండతనికి సంగతంతా చేతులతో చెబుతున్నాడు. పది వేళ్ళు చూపించి కుడివైపు ఊపాడు.

"పది గ్లాసులా పెద్దాయనా?"

"మూడే," అన్నాను. ఫోను జేబులో పెట్టుకున్నాను.

బావ వదల్లేదు. మిగిలిన గొంతంతా కూడగట్టి మొదటి నుంచీ చెప్పాడు. బండతను గ్లాసులు కడుగుతూ విని, "ఆయన మీరు చెబితేనే జరిగిండా?" అన్నాడు.

బావ నా భుజం పట్టుకుని ముందుకి లాగాడు. "చెప్పు మాష్టారూ. జరిగాడా లేదా?"

"కళ్ళారా చూశాను," అన్నాను. "పది గజాలు. కుడికే."

"నేనూ చూశా," అన్నాడు భాయ్, గ్లాసు లోకి చూస్తూ.