పదకొండు అంకెల బావి

మా ఎదురింటాయన ప్యాంటు జేబులు డేరా గుడ్డతో కుట్టినవని మా వీధిలో మొదట కనిపెట్టింది నేనే. ఆయన భార్య దర్జీ పని చేస్తుంది. ఒకరోజు వాళ్ల గుమ్మంలో కూర్చుని కబుర్లు చెబుతుంటే మిషను మీద ఆ ప్యాంటు కనబడింది. జేబులో చెయ్యి పెట్టి చూశాను. మోచేతి దాకా దిగిపోయింది.

"ఏమిటే మరదలా, మా తమ్ముడు ఇందులో ఏం మోస్తాడు?"

"రాళ్లు వదినా. పెళ్లయిన కొత్తలో వారానికో జేబు చిరిగేది. విసుగొచ్చి డేరా గుడ్డ వేసేశా. మొగుడి జేబులో రాళ్లు తప్ప ఇంకేం ఉండవని ధైర్యంగా చెప్పుకునేదాన్ని ఊరంతటికీ నేనొక్కదాన్నే."

ఆయన కొండ మీది కోటలో గైడు. ముప్పై నాలుగేళ్లుగా అదే పని. నాలుగు వందల మెట్లు ఎక్కితే కోట గుమ్మం వస్తుంది. గోడలు సగం కూలిపోయాయి, బురుజులు మూడే మిగిలాయి, దొరగారు కొలువు తీరిన హాలుకి ఆకాశమే పైకప్పు. అయినా జనం రొప్పుకుంటూ ఎక్కుతూనే ఉంటారు. వాళ్లు వచ్చేది గోడల కోసం కాదు, నడి ముంగిట్లో ఉన్న బావి కోసం.

ఆ బావి కథ ఆయన నోటే వినాలి. ఏడు వందల ఏళ్ల కిందట కొండరాయిని తొలవడం ఒక తండ్రి మొదలుపెడితే, అతని కొడుకు జుట్టు నెరిశాక నీళ్లు పడ్డాయట. తర్వాత శత్రువులు వచ్చి కొండ చుట్టూ డేరాలు వేశారు. పైన ఉన్నవాళ్లు దాహంతో ఎప్పుడు దిగివస్తారా అని ఏడు నెలలు కాచుకున్నారు. కోటలోని ఆడవాళ్లు ఏం చేశారు? రోజూ బట్టలు ఉతికి, నీళ్లు కారుతుండగానే శత్రువులకు కనబడేలా గోడ మీద వేలాడదీశారు. తాగడానికే లేకపోతే ఉతకడానికి ఎక్కడివి అనుకుని శత్రువులు డేరాలు చుట్టేశారు. "కత్తి దూయలేదండీ, ఉతికి ఆరేశారంతే!" అంటాడాయన. అందరూ నవ్వుతారు. వంద సార్లు విన్న నేనూ నవ్వుతాను.

ఆ నవ్వు ఆగాక జేబులోంచి ఒక రాయి తీస్తాడు. ఊట ఎండి తరాలు గడిచిన బావి అది. రాయి వదిలి, చెయ్యి పైకెత్తి, ఒకటి, రెండు అని లెక్కపెడతాడు. పదకొండు అనగానే అడుగునుంచి ఠంగుమంటుంది. జనం నోళ్లు తెరుస్తారు. అప్పుడు తలా ఒక రాయి పంచుతాడు. కొండ మీదంతా బండే, ఒక్క గులకరాయి దొరకదు. అందుకే పొద్దున్నే వాగులో ఏరుకుని జేబులు నింపుకుని ఎక్కుతాడు.

పోయిన ఏడాది మా చుట్టాలొస్తే వాళ్లను తీసుకుని వెళ్లాను. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన అంకెలు తీరిగ్గా నడిచేవి. ఆ రోజు బస్సు వెళ్లిపోతున్నట్టు పరుగెత్తాయి. నాకు అనుమానం వస్తే ఊరికే ఉండలేను. రెండో రాయికి నా మానాన నేను పాత తీరులో లెక్కపెట్టుకున్నాను. తొమ్మిదికే ఠంగుమంది.

దిగేటప్పుడు పక్కకి పిలిచాను. "తమ్ముడూ, నీ అంకెలకు కాళ్లొచ్చాయేంటి?"

"ఏం లేదక్కా."

"నాకు తొమ్మిదే వచ్చాయి మరి."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. జేబులోని రాళ్లను చేత్తో కదిపాడు.

"బావి పూడిపోతోందక్కా. నేనే పూడుస్తున్నా. మొదటిసారి పది వచ్చినప్పుడు నా చెవి తప్పనుకున్నా. తర్వాత కాస్త తొందరగా లెక్కపెట్టా. ఆ తర్వాత ఇంకాస్త."

"తెలిసీ రాళ్లు పంచుతున్నావా?"

"అది లేకపోతే ఏం చూపించను? కూలిన గోడలా? బావిలో ఆ చప్పుడు విన్నాకే వాళ్లకి నా కథ మీద నమ్మకం కుదురుతుంది." గొంతు తగ్గించాడు. "సోమవారం పురావస్తు శాఖ ఆఫీసరమ్మ తాడు తెస్తోంది. గుమ్మం దగ్గర కొత్త బోర్డు పెడతారట, దాని మీద లోతు రాయాలట. శత్రువులు ఏడు నెలలు కూర్చుని చెయ్యలేని పని నేను రెండు జేబులతో చేశానక్కా. తెలిస్తే బండ వేసి మూసేస్తారు."

"తాడు చెప్పకముందే నువ్వు చెప్పు" అన్నాను. ఆయన లేచి మెట్లు దిగిపోయాడు.

సోమవారం నేనూ ఎక్కాను. నన్నెవరూ పిలవలేదు. పిలిచేదాకా ఆగితే ఈ జన్మకి నాకేమీ తెలియదు. ఆఫీసరమ్మ కళ్లజోడు పెట్టుకున్న చిన్నమ్మాయి, మా చిన్నకోడలి వయసు. బరువు కట్టిన తాడును బావిలోకి వదులుతూ, "పాత కాగితాల్లో నూట అయిదు మీటర్లని ఉంది" అంది.

"అంత లేదు మేడం" అన్నాడాయన. "రాళ్లు పడ్డాయి. వేయించింది నేనే. అంకెలు తొందరగా లెక్కపెట్టి దాచిందీ నేనే."

ఆమె తాడు వదులుతూనే ఉంది. అది వదులైన చోట గుర్తు చూసింది. "డెబ్బై అయిదు. ముప్పై మీటర్ల రాళ్లా గైడు గారూ!"

"అన్నీ నేను వేసినవి కావండీ. కానీ చేతికిచ్చింది నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "ఇక ఒక్క రాయి పడటానికి వీల్లేదు. ఇనప జాలీ బిగిస్తాను. జనాన్ని ఇటు తీసుకురాకండి" అంది. ఆయన జేబుల్లోంచి రాళ్లు ఒక్కొక్కటే తీసి గోడవార పేర్చడం మొదలుపెట్టాడు. చూడలేక మొహం తిప్పుకున్నాను.

ఎండకి నా నాలుక పిడచకట్టుకుపోయింది. సీసాలో సగం తాగాను. మిగతా సగం చేతిలో ఉంది, ఎదురుగా బావి ఉంది. రాయి పడకూడదంది గానీ నీళ్ల సంగతి ఎత్తలేదుగా? వంచేశాను.

మొదట ఏ చప్పుడూ లేదు. తొమ్మిది దాకా లెక్కపెట్టాను. అప్పుడు లేచిందమ్మా కిందనుంచి! ఒక్క ఠంగు కాదు. చీకట్లో ఎక్కడో వందమంది కూర్చుని చప్పట్లు కొడుతున్నట్టు, ఆగకుండా, గోడలెక్కి పైదాకా వచ్చింది. ఆఫీసరమ్మ కళ్లజోడు తీసేసింది.

"మళ్లీ పొయ్యండి" అంది.

"సీసా ఖాళీ అమ్మా. నీళ్లు కావాలంటే మళ్లీ కిందకి పోవాలి, నాలుగొందల మెట్లు" అని వెనక్కి తిరిగి చూస్తే మా తమ్ముడు అప్పటికే కోట గుమ్మం దాటి దిగిపోతున్నాడు.

ఇప్పుడు జాలీ ఉంది, బండ లేదు, జనాన్ని మళ్లీ రానిస్తున్నారు. పొద్దున్నే భుజం మీద నీళ్ల క్యానుతో ఎక్కుతాడు. జేబులు ఖాళీ కావడంతో నడక మారిపోయింది, మొదట్లో వెనకనుంచి చూసి ఎవరో కొత్తాయన అనుకున్నాను. రాళ్ల బదులు బావిలో పొయ్యమని చిన్న గ్లాసులతో నీళ్లు పంచుతాడు. బోర్డు మీద ఆఫీసరమ్మ రెండు లోతులూ రాయించింది. రాళ్లు పైకి తీయించడానికి పై ఆఫీసుకి రాసిందట, జవాబు ఇంకా రాలేదు. ఎవరైనా ఎన్ని అంకెలని అడిగితే, "పదకొండు ఉండేవండీ, రెండు నేను మింగేశా" అని చెప్పి, తీరిగ్గా తొమ్మిది లెక్కపెడతాడు.

మా మరదలు మాత్రం సణుగుతూనే ఉంది. "జేబుల గోల వదిలిందనుకుంటే క్యాను కారి రోజూ చొక్కా తడుస్తోంది వదినా. కోటలో ఆడవాళ్ల పని నాకొచ్చింది."

సాయంత్రం వాళ్ల తీగ మీద, వచ్చీరాగానే విప్పి ఆరేసిన ఆ చొక్కా నీళ్లు కారుతూ వేలాడుతుంటుంది. కాలర్ దాకా తడిసి ఉందంటే రెండు మూడు క్యాన్లు మోశాడనీ, ఆ రోజు కోటకి జనం బాగా వచ్చారనీ లెక్క. నేను వెళ్లి అడగనక్కర్లేదు. అయినా వెళ్లి అడుగుతాను.