గూటికి కట్టిన దుప్పటి

మా మేనత్తకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: ఈకలు మారే రోజుల్లో కోడిపిల్లల్ని ఎవరూ చూడకూడదు.

గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల పసుపు నూగుతో, నేల మీద జారిపడిన ఎండముక్కలా ఉంటుంది. అప్పుడు వీధి వీధంతా వచ్చి చూడొచ్చు. కొన్నాళ్ళకి రెక్కల అంచున గరుకు ఈకలు పొడుచుకొస్తాయి. తోక మొదలవుతుంది, మెడ సాగుతుంది. వీపు మీద నూగు రాలి, అక్కడక్కడ గులాబీరంగు చర్మం బయటపడుతుంది. తల అన్నిటికన్నా ఆఖరున మారుతుంది. నూగు రాలడం మొదలవగానే అత్త పెరట్లో గూటికి పువ్వుల దుప్పటి కట్టేసేది.

"బట్టలు మార్చుకుంటున్నాయి. దగ్గి మరీ రండి."

గూట్లో బల్బు మార్చడానికి వచ్చిన కరెంటు మనిషి తల గోక్కున్నాడు. "తెర తియ్యకుండా ఎలాగమ్మా?"

"కళ్ళు మూసుకుని పెట్టు నాయనా."

పెట్టాడు. వేలి మీద పొడిపించుకుని, "ఇంతకీ లోపల ఏముందమ్మా అంత?" అన్నాడు.

"సిగ్గు" అంది అత్త.

మామయ్య నవ్వాడు. "కోడికి సిగ్గేమిటే!"

"మీసం మొలిచీ మొలవని రోజుల్లో మీరు దిగిన ఫొటో ఉంది. హాల్లో తగిలించనా?"

మామయ్య ముఖానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో అది రెండో తెర.

నేను వాళ్ళింట్లోనే ఉండి చదువుకునేదాన్ని. పదమూడేళ్ళప్పుడు నాకు విషజ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ జుట్టు తీసుకుపోయింది. మిగిలిన తల, ఎవరో సగం చెరిపి వదిలేసిన పలకలా ఉండేది. బడి మానేశాను. గది దాటడమూ మానేశాను.

ఒకరోజు పక్కింటావిడ, మరో ఇద్దరిని వెంటేసుకుని వచ్చింది. "పాపం పిల్ల! ఒక్కసారి చూసి పోతాం వదినా."

నేను మంచం కిందకి దూరాను. పెరట్లో అత్త ముడులు విప్పుతూ కోడిపిల్లలతో అంటున్న మాట కిటికీలోంచి వినిపించింది.

"ఉన్నది ఒక్కటే. ఈసారికి మీరు సర్దుకోండమ్మా."

పువ్వుల దుప్పటి వచ్చి నా గుమ్మానికి వేలాడింది.

"బట్టలు మార్చుకుంటోంది" అంది అత్త, వచ్చినవాళ్ళతో.

"ఎంతసేపు వదినా?"

"చలికాలం దాకా."

చూద్దామని వచ్చినవాళ్ళు ఊరికే పోలేక, గూటి దగ్గర నిలబడి, సగం ఈకల కోడిపిల్లల్ని చూసి ముఖాలు చిట్లించి వెళ్ళారు. నా మీద పడాల్సిన చూపులన్నీ వాటి మీద పడ్డాయి.

ఆనాటి నుంచి అత్త రోజూ దుప్పటి అవతల నిలబడి దగ్గేది.

"రావచ్చా?"

"వద్దు."

"సరే." తెర కిందనుంచి కంచం లోపలికి జరిగేది. దుప్పటి మాత్రం కదిలేది కాదు.

చలి మొదలైన ఓ పొద్దున అద్దంలో, తలంతా నల్లటి నూగు సమంగా పరుచుకుని కనిపించింది. దుప్పటి నేనే విప్పి, మడతపెట్టి, పెరట్లోకి నడిచాను. అత్త చాలాసేపు చూసింది. దుప్పటి అందుకుని గూటివైపు తిరిగింది.

అవి ఇక కోడిపిల్లలు కావు. నిండు ఈకలతో, ఎర్రగా, మెరుస్తూ పెరడంతా తమదే అన్నట్టు తిరుగుతున్నాయి. వాటిలో ఒక కుర్ర పుంజు గోడెక్కి, ఛాతీ విరుచుకుని, జీవితంలో మొదటిసారి కూసింది. కూత సగంలో విరిగి, బొంగురుపోయి, కీచుమని ఆగిపోయింది.

అత్త దుప్పటి చంకలో పెట్టుకుని గబగబా రెండు చెవులూ మూసుకుంది.

"నువ్వూ మూసుకోవే! గొంతు మార్చుకుంటున్నాడు."