మాస్టారి లెక్కకి నేను కొట్టిన ఇంటూ

రెండేళ్లుగా మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. ఇవాళ మీ ముందు కక్కేస్తున్నాను. నన్ను ఓదార్చకండి, ఒళ్లు మండుతుంది.

మాది ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వేవాళ్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్. ఇంట్లో కూర్చుని ఏఐకి ఫిజిక్స్ నేర్పే పని నాది. కొందరు లెక్కలు తయారుచేసి, జవాబులు రాసి పంపుతారు. అవి తప్పో ఒప్పో తేల్చే రివ్యూయర్ని నేను. రాసినవాళ్ల పేరు కనబడదు.

రెండేళ్ల కింద మాస్టారు కొత్తగా ఆ లెక్కలు రాసే పనిలో చేరారు. మా వీధి పిల్లలందరికీ, నాకూ ఫిజిక్స్ చెప్పినాయన. గొంతుకి ఆపరేషనై మాట గుసగుసలోకి దిగిపోయాక ట్యూషన్లు పోయాయి. ఈ రాతపని దొరికాక, మళ్లీ పాఠం చెబుతున్నానని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

ఒకరోజు నాకో లెక్క వచ్చింది. రైల్వే యార్డులో ఎత్తు మీంచి రెండు వ్యాగన్లని ఇంజను లేకుండా దొర్లిస్తారు. ఒకటి నిండుది, ఒకటి ఖాళీది. కిందికొచ్చేసరికి ఏది జోరు? రెండూ సమానమని ఏఐ అంది. నిండుదేనని రాసినాయన అన్నారు. మొదటి వాక్యానికే ఆయనెవరో తెలిసిపోయింది. నిమ్‌పురా యార్డు గోడ పక్కన సైకిలాపి మాకు చూపించింది ఆయనే కదా! మరి నేనేం చేశాను? సమీకరణంలో బరువు రెండువైపులా కొట్టుకుపోతుంది కదా అని, ఆయన కింద రాసిన వివరణ చదవకుండానే గబగబా తప్పని ఇంటూ కొట్టాను. అబద్ధమెందుకు, మజాగా అనిపించింది. మాస్టారికే తప్పు పట్టానని.

టీ పెట్టుకుంటుంటే తట్టింది. చక్రాలు! తిరగడానికి అవీ కొంత శక్తి తినేస్తాయి. చక్రాలు రెండింటికీ ఒకలాంటివే, కాబట్టి ఆ దెబ్బ ఖాళీ వ్యాగన్‌కే గట్టిగా తగులుతుంది. మాస్టారిదే ఒప్పు. దిద్దుకోవడానికి బటనుంది. నొక్కితే తప్పు నా పేరు మీద పడుతుంది, రివ్యూయర్ హోదా పోతుంది. నొక్కలేదు. టీ తాగాను. ఎలా దిగింది గొంతులోంచి?

కొత్తవాళ్లకి ఒక్క ఇంటూ చాలు. ఆయన్ని తీసేశారు. ఎందుకని ఆయన అడుగుదామన్నా అటువైపు మనిషే లేడు. ఆ కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టాను. నన్ను తిట్టుకోవాల్సినదంతా వాళ్ల మీద పోశాను.

ఆ ఇంటూ కొట్టింది నేనేనని తెలియక ఆయన మా ఇంటికొచ్చారు. గుసగుసగా అడిగారు.

"ఏటమ్మా, నేను సెప్పింది తప్పేనా? సక్రాల సంగతి రాసినాను కదా?"

అప్పటికి నాకంతా తెలుసు. తెలిసే అన్నాను: "బరువు కొట్టుకుపోద్ది కదా మాస్టారూ."

"నువ్వన్నావంటే నిజమే అయ్యుంటాది. నాకు మతి పోనాది. ఇంక పిల్లలకి సెప్పకూడదు."

అంతే, ఇంటికొచ్చి అడిగేవాళ్లకి చెప్పడమూ మానేశారు. సందేహమని ఎవరొచ్చినా మా ఇల్లు చూపిస్తున్నారు. నాకు ఆయన మీదా కోపమే. ఎందుకు నమ్మారు నన్ను? దెబ్బలాడొచ్చు కదా, చెంప పగలగొట్టొచ్చు కదా!

మొన్న అదే లెక్క ఏఐని అడిగాను. రెండూ సమానమేనంది, ఎంత ధీమాగానో. అచ్చం నాలాగే.

మా కిటికీలోంచి ఆయన గుమ్మం కనబడుతుంది. ఇంకా అటు వెళ్లలేదు. ముందు మీకు చెప్పుకుంటున్నాను, ఇదీ పిరికితనమే. నిండు వ్యాగనే జోరు మాస్టారూ. మీకు మతి పోలేదు. నేను తెలిసే అబద్ధమాడాను.

రాసేశాను. ఊపిరాడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది.