అర్బాబ్ కుంటలో సన్నబడ్డ చేపలు

తొంభైల మొదట్లో, గల్ఫ్‌లో అమెరాత్ అనే ఊళ్లో బిల్డింగ్ పని అయిపోయాక, తెలిసినవాళ్లు చెబితే అదే దేశంలో సువైక్ అనే ఊళ్లో ఒక ఖర్జూరం తోటలో కుదిరాను. తోట యజమానిని అర్బాబ్ అని పిలిచేవాళ్లం. ఆయన అమెరికాలో చదువుకున్నాడు. అక్కడ గాలం వేసి పట్టిన బాస్ చేపల మీద మోజు తీరక, తోట వెనక పెద్ద కుంట తవ్వించి, ఆ చేపపిల్లల్ని విమానంలో తెప్పించి వదిలాడు. పెద్ద నోరున్న చేప అది, చిన్న చేపల్ని మింగి బతుకుతుంది. మేతకని జిలేబీ చేపల్ని కూడా వేశాడు.

కుంట చూసుకునే డ్యూటీ నాది. నాచు తీసేవాణ్ణి. ఎండాకాలం నీళ్లు కాగిపోకుండా బోరు నీళ్లు వదిలేవాణ్ణి. సాయంత్రం నమాజు అయ్యాక అర్బాబ్ గాలంతో వచ్చేవాడు. పెద్దవాటిని మళ్లీ నీళ్లలోకి వదిలి, చిన్నవాటిని బకెట్లో వేసేవాడు. చిన్నవి తీయకపోతే మేత చాలక అన్నీ బక్కచిక్కిపోతాయని నాకు నేర్పింది ఆయనే. ఆ చిన్న చేపల్ని ఆయన భార్య వేయించి మా రూమ్‌కి కూడా పంపేది. పళ్లెం తిరిగివ్వడానికి వెళ్తే, ముళ్లు గుచ్చుకున్నాయా అని తలుపు వెనకనుంచి అడిగేది.

ఒక చలికాలం ఆమె జబ్బుచేసి పోయింది.

కొన్నాళ్లకు అర్బాబ్ మళ్లీ గాలం పట్టాడు కానీ, దొరికిన ప్రతి చేపనూ వదిలేసేవాడు. బకెట్ అందించబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపేవాడు. ఏడాది తిరిగేసరికి చేపలకు తలలే మిగిలాయి, ఒంట్లో కండ లేదు.

తోటలో వంట చేసేది కడప ముస్లిం, నాకన్నా పెద్దవాడు. ఆయన్ని అడిగాను.

"భాయ్, చేపలు ఆకలికి సచ్చేటట్టున్నయ్. అర్బాబ్‌కు ఎట్ల చెప్పాలె?"

"ఆయప్పను తప్పు పట్టబాక. చేపల సంగతి చెప్పు, చాలు."

మర్నాడు నాకొచ్చిన హిందీలో చెప్పాను. అర్బాబ్ చేతిలోని చేపను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు తెలుసు," అన్నాడు ఆయన కూడా హిందీలోనే. "ఇంటికి తీసుకెళ్తే అడిగేవాళ్లు లేరు. ఊరికే పారేయడానికి చంపలేను."

"మేం తింటాం అర్బాబ్. మీరూ రండి."

ఆయన చేపను బకెట్లో వేశాడు.

ఆ పూట భాయ్ పులుసు పెట్టాడు. అర్బాబ్ వచ్చి మాతోపాటు చాప మీద కూర్చున్నాడు. మొదటి ముద్దకే ఆయనకు కారం నెత్తికెక్కింది. నీళ్లు తాగి, "ఇంత కారం వేస్తే మా అమ్మ నా భార్యను వంటింట్లోకి రానిచ్చేది కాదు," అన్నాడు. భార్య పోయాక ఆయన ఆమె మాట ఎత్తగా మేం వినడం అదే మొదటిసారి. నవ్వొచ్చింది, నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయనే ముందు నవ్వాడు. ఆమెకు గాలం వేయడం రాదట, అయినా గట్టు మీద కూర్చుని ఎక్కడ వేయాలో ఆయనకు చెప్పేదట. అన్నం చల్లారిపోతున్నా వింటూ కూర్చున్నాం.

అప్పటినుంచి చిన్న చేపలు మళ్లీ బకెట్లోకి వచ్చాయి, ఆయన శుక్రవారం భోజనం మా రూమ్‌లోనే. మరుసటి చలికాలానికి చేపలు ఒళ్లు చేశాయి. అర్బాబ్ తన తమ్ముళ్లను కూడా పిలుచుకురావడం మొదలుపెట్టాడు. వాళ్లొచ్చిన రోజున మా గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు.