కాశయ్య వేసిన పీనుగ వేషం

తిప్పపల్లెకు మూడు పక్కలా చెరువే. వానలు దండిగా పడిన ఏడు నాలుగో పక్క రోడ్డు కూడా మునిగి ఊరు దీవైపోతుంది. కొన్నేళ్ళ కిందట అక్కడ పడవ తిరగబడింది. బేస్తవారిపేట వైపు నుంచి తిరునాళ్ళకు వస్తున్న జనాన్ని ఊరివాళ్ళు నీళ్ళలోకి దూకి ఒడ్డుకు లాగారు. ఒక్క మనిషి మాత్రం దక్కలేదు. ఆ సాహసాన్ని మళ్ళీ చేయించి చూపిస్తామని ఈ కార్తీకంలో ఒక టీవీ చానెల్ వాళ్ళు కెమెరాలతో దిగారు.

ఇంకేముంది, ఊరంతా గజ ఈతగాళ్ళే. పడవ మునిగిననాడు మార్కాపురంలో సినిమా చూస్తూ కూర్చున్నవాళ్ళు కూడా నలుగురిని లాగింది నేనేనంటూ చొక్కాలు విప్పారు. మునిగే వేషానికి ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకొచ్చారు. డైరెక్టర్ గోవర్ధన్ అందరినీ ఎట్లాగో సర్ది, చివరికి, "చనిపోయినాయన వేషం ఎవరు వేస్తారండీ?" అన్నాడు. చొక్కాలు విప్పినవాళ్ళంతా మళ్ళీ తొడుక్కున్నారు. నిక్షేపంలాంటి ప్రాణం పెట్టుకుని పీనుగ వేషం ఎవడు వేస్తాడు?

"నేను పండుకుంటాలే," అన్నాడు కాశయ్య.

"నీకేం పొయ్యేకాలం కాశన్నా? అశుభం," అని పక్కింటి మార్తమ్మ నోరు నొక్కుకుంది. కాశయ్య నవ్వాడు. యాభై దాటిన రైతు. పెళ్ళాం పోయింది, పిల్లలు కలగలేదు. పొద్దున వండిన అన్నమే రాత్రికీ తింటాడు. ఇంట్లో రెండు పాడి ఎనుములతో తప్ప మాట్లాడే దిక్కు లేదు. అశుభం కొత్తగా జరగడానికి ఆ ఇంట్లో ఏముంది గనక?

కానీ కాశయ్యకు లోపల ఒక ఆశ ఉంది. ఆయన అక్క ఓబులమ్మది వెలిగండ్ల. తల్లి తన పేరనున్న పొలం ముక్కను కూతురికి పసుపు కుంకుమ కింద ఇస్తానంటే, కాశయ్య అడ్డం పడ్డాడు. అక్కాతమ్ముళ్ళకు మాటలు పోయాయి. ఆ పంతంలోనే, తల్లి పోయినప్పుడు అక్కకు కబురు పంపలేదు. పంపుదామన్నవాళ్ళ నోళ్ళు మూయించాడు. చితి ఆరాక ఎవరి ద్వారానో తెలిసి పరుగున వచ్చిన ఓబులమ్మ వాకిలి బయటే నిలబడింది. "నీ పీనుగ మీద పడి ఏడ్సేదానికి తప్ప నీ గడప తొక్కనురా," అని వెనక్కి తిరిగింది.

అన్నంత పనీ చేసింది. మరదలు పోయినా రాలేదు. బుద్ధొచ్చి, పొలం తీసుకోమని కాశయ్య పెద్దమనుషులను పంపితే, "ఆ మన్ను వాణ్ణే తినమను," అని సాగనంపింది. ఆమె ఇంట్లో టీవీ పొద్దస్తమానం మోగుతూ ఉంటుందని కాశయ్యకు తెలుసు. అందులో తన పీనుగను చూసి అక్క ఒక్కసారి వస్తే చాలు, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాడు. అంతకు మించి ఆలోచిస్తే కాశయ్య ఎందుకవుతాడు?

షూటింగు నాడు కాశయ్యను నీళ్ళలోంచి లాక్కొచ్చి ఒడ్డున వెల్లకిలా పడుకోబెట్టారు. "గట్టిగా ఏడవండమ్మా!" అని గోవర్ధన్ అరుస్తున్నాడు. చుట్టూ చేరిన ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని ఇకఇకలాడుతున్నారు. కళ్ళు మూసుకుని ఆ నవ్వులన్నీ విన్నాడు కాశయ్య. నిజంగా పోయినా నాకు ఏడ్చేవాళ్ళు లేరు కదా అని దుఃఖం వచ్చింది. పీనుగ ఏడవకూడదు గనక దిగమింగుకున్నాడు.

చానెల్ వాళ్ళు ఊరుకుంటారా! అసలు కార్యక్రమానికి ముందే, ఆ రాత్రికే, కాశయ్య మొహం తెరనిండా చూపించి, 'చెరువు మింగిన రైతు' అని ఎర్రక్షరాలు వేసి, సైరన్ మోగించారు. ఇది నటన అనే ముక్క ఎక్కడో మూలన చీమ తలంత ఉంది.

మర్నాడు పొద్దున కాశయ్య కొట్టంలో పాలు పిండుతున్నాడు. వాకిట్లో ఆటో ఆగింది.

"ఓ నా తమ్ముడో... నిన్ను సంకనేసుకుని తిరిగినానే తమ్ముడో..."

చెంబు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కొట్టం గోడ వెనక నిలబడిపోయాడు. అక్క గేటు దాటింది, గడప తొక్కింది, లోపల ఎవరూ కనబడక గడప మీదే కూలబడింది. ఆమె చేతిలో పీనుగ మీద కప్పడానికి తెచ్చిన కొత్త పంచె ఉంది. వెంటనే ఎదురుపడాల్సింది. కానీ తన కోసం ఒక మనిషి ఏడవడం విని ఎన్నేళ్ళయింది! ఇంకాసేపు, ఇంకాసేపు అనుకున్నాడు.

అంతలో ఏడుపు మారింది. "అమ్మా... నీ కడసూపు గూడా దక్కనీలేదే అమ్మా..."

ఇక నిలబడలేకపోయాడు. "అక్కా, నేను బతికే ఉండా," అంటూ ముందుకొచ్చాడు.

ఓబులమ్మ లేచి రెండు చేతులతో అతని మొహం తడిమింది. "మరి టీవీలో సూపిచ్చినారే?"

"వేషమక్కా. అట్లన్నా నువ్వొస్తావని."

ఆ చేతులు కిందికి దిగిపోయాయి. కాశయ్య ఉరుకున లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చాడు. చావింట్లో నీళ్ళు ముట్టరు. ఆమె ముట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, పంచెను గడప మీద పెట్టింది.

"అమ్మకు ఏడ్సాల్సింది ఇయ్యాలకు ఏడ్సినా. నీకు ఏడ్సాల్సింది గూడా అయిపాయ. ఇంగ నాకు ఈడ పనిలేదురా."

ఎవరింటి నుంచి కదిలినా పోయొస్తామని చెప్పి కదులుతాం. చావింటి నుంచి మాత్రం ఆ మాట అనకుండా వచ్చేస్తాం. ఆ ఒక్క మాట కోసం కాశయ్య గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఓబులమ్మ ఆటో ఎక్కి కూర్చుంది. నోరు తెరవలేదు.

"పోయిరా అక్కా," అన్నాడు కాశయ్య, ఆమె పోయొస్తానని చెప్పినట్టే.

ఆటో చెరువు కట్ట ఎక్కి వెలిగండ్ల దారి పట్టింది.